కాఫీ కౌంటర్‌కు గ్రానైటా, ప్లైవుడ్డా?

అపార్ట్‌మెంట్ కమ్యూనిటీ హాల్లోని కాఫీ మూలను నివాసులే సొంతంగా బాగు చేసుకోవాలనుకుంటే ముందు తేలాల్సింది కౌంటర్ పైభాగం సంగతి. గోడ రంగు ఎప్పుడైనా మార్చుకోవచ్చు, దీన్ని మార్చడం అంత తేలిక కాదు.

స్వయంగా చేసుకోవడానికి ప్లైవుడ్డే అనువు. షాపువాళ్లే కొలతకు కోసి ఇస్తారు, పైన లామినేట్ షీటు అతికించుకుంటే సరిపోతుంది. 19 మిల్లీమీటర్ల పలక చదరపు మీటరుకు సుమారు 12 కిలోలు ఉంటుంది. 20 మిల్లీమీటర్ల గ్రానైట్ అయితే 50 కిలోలు దాటుతుంది. దాన్ని కోయడానికి రాతిపని మేస్త్రీ రావాలి, కింద ఇటుక గోడో ఇనుప స్టాండో ఉండాలి.

అయినా నా ఓటు గ్రానైట్‌కే. పదిమంది వాడే చోట ఒలికింది వెంటనే తుడిచే నాథుడు ఉండడు. ఫిల్టర్ అడుగు నుంచి కారిన డికాక్షన్ అంచుదాకా పాకుతుంది. సింకు కోసం కోసిన రంధ్రం చుట్టూ ఎప్పుడూ చెమ్మే. అక్కడ లామినేట్ కింది చెక్క నీరు పీల్చి ఉబ్బుతుంది, ఒకసారి ఉబ్బిన అంచు మళ్లీ చదును కాదు. పొయ్యి మీంచి దించిన పాలగిన్నె నేరుగా పెడితే షీటు బుడగలు కడుతుంది. నల్ల గ్రానైట్‌కు ఈ రెండు బెడదలూ లేవు.

డబ్బు చాలకపోతే ప్లైవుడ్ వేయండి, కానీ నీటిని తట్టుకునే మెరైన్ ప్లైవుడ్‌కు వేసే ఐఎస్ 710 ముద్ర ఉన్నదే కొనండి. కోసిన అంచులన్నిటికీ సిలికాన్ పట్టించాకే సింకు దించండి. కింది అరలకు, తలుపులకు మాత్రం నిస్సందేహంగా ప్లైవుడ్డే.