తవ్వకాలా, శాసనాలా: పురావస్తు రంగంలో ఏ దారి మేలు?

పురావస్తు శాస్త్రం అనగానే అందరికీ తవ్వకాలే గుర్తొస్తాయి. చరిత్రలో ఎంఏ చేస్తున్న పిల్లలు కూడా శాసనాల వైపు చూడరు. తెలుగు మీద ప్రేమ ఉన్నవాళ్లు అటే వెళ్లాలని నా అభిప్రాయం.

తవ్వకం ఒక్కరి వల్ల అయ్యేది కాదు. భారత పురావస్తు సర్వే అనుమతి లేకుండా గడ్డపార దించకూడదు. జట్టు, కూలీలు, నిధులు, నెలల తరబడి క్యాంపు కావాలి. చదువుకూ దూరం వెళ్లాలి: గ్రేటర్ నోయిడాలో రెండేళ్ల డిప్లొమా, లేదంటే పుణెలో దక్కన్ కాలేజీ. ఎండలో కూర్చుని మట్టిని పొర పొరగా తీస్తూ, ఏ పెంకు ఏ పొరలో దొరికిందో రాసుకోవాలి. అది తప్పు రాస్తే దిద్దుకునే దారి లేదు, తవ్వేసిన పొర మళ్లీ రాదు. అందుకే టెన్షన్ ఎక్కువ. అయినా 1954 నుంచి 1960 దాకా నాగార్జునకొండలో, సాగర్ నీళ్లు ముంచేలోగా తవ్వి తీసినవాళ్లకు చేతులెత్తి మొక్కాలి.

శాసనాన్ని ఇవాళ తప్పు చదివినా రేపు ఇంకొకరు సరిచేస్తారు. రాతిని కడిగి, తడి కాగితం పరిచి బ్రష్షుతో కొడితే అది అక్షరాల గుంటల్లోకి దిగుతుంది. పైన సిరా అద్దితే నల్లటి కాగితం మీద తెల్లగా అక్షరాలు తేలతాయి. చదవడం మాత్రం ఏళ్ల సాధన. తెలుగులో దొరికిన తొలి శాసనాల్లో ఒకటైన, క్రీ.శ. 575 నాటి కలమళ్ల శాసనం నేటి తెలుగు వచ్చినంత మాత్రాన అంతుపట్టదు. పాత లిపులు, సంస్కృతం, కాస్త కన్నడం నేర్చుకోవాలి. ఆ కష్టానికి ఫలితం ఎలా ఉంటుందంటే, గణపతిదేవుడి తోబుట్టువు మైలాంబ బయ్యారం చెరువు దగ్గర వేయించిన ఒక్క శాసనంతో కాకతీయుల తొలి తరాల పేర్లు తెలిశాయి.

ఉద్యోగాలు రెండు వైపులా తక్కువే. కానీ బడిలో పాఠాలు చెప్పుకుంటూ, సెలవు రోజుల్లో శాసనాలు వెలికితెచ్చిన పంతుళ్లు మనకు చాలామంది ఉన్నారు. తవ్వకాలు అలా సాగవు. ఇంటి బాధ్యతలున్నవాళ్లకు ఇది చిన్న తేడా కాదు.

అక్షరం పుట్టకముందు మనిషి ఎలా బతికాడన్నదే మీ ప్రశ్న అయితే మాత్రం తవ్వకాలకే వెళ్లండి. కర్నూలు వైపు జ్వాలాపురంలో, సుమారు 74,000 ఏళ్ల కిందటి టోబా (ఇండోనేషియా) అగ్నిపర్వత బూడిదకు కిందా పైనా రాతి పనిముట్లు దొరికాయి. ఆ కథ ఏ శాసనంలోనూ ఉండదు.

శాసనాల వైపే మనసు లాగితే మీ ఊరి గుడి దగ్గరే మొదలుపెట్టండి. ఈసారి జాతరకు అక్కడి శాసనం రాతికి సున్నం కొట్టకముందే, ఏటవాలు ఎండలో ఫొటో తీసి పెట్టుకోండి.