పిస్టన్ ట్రంపెటా, జారుడు ట్రాంబోనా: మన బ్యాండు మేళానికి ఏది మేలు?

బ్యాండు మేళంలో కొత్తగా చేరే కుర్రవాడు ట్రంపెట్ పట్టాలా, ట్రాంబోన్ పట్టాలా అన్నది మా కడప వైపు తరచూ నలిగే ప్రశ్న. గిరాకీ ఎక్కువ గనుక ట్రంపెటే మేలని చాలామంది అక్కడికక్కడే తేల్చేస్తారు. ఆ మాటలో నిజం లేకపోలేదు గానీ, ఈ రెండూ ఒకే చిక్కును రెండు దారుల్లో విప్పిన వాద్యాలని తెలిశాకే ఎంపిక సరిగా కుదురుతుంది.

ఆ చిక్కు జాతరలో ఊదే కొమ్ములోనే వినిపిస్తుంది. గొట్టం పొడవు మారదు కాబట్టి, పెదవులు ఎంత బిగించినా కింది స్థాయిలో షడ్జమం, పంచమం, పై షడ్జమం, దాని మీద గాంధారం, ఇలా దూరదూరంగా ఉండే స్వరాలే పలుకుతాయి. 1922లో బయటపడిన ఈజిప్టు రాజు టుటంఖామున్ సమాధిలో దొరికిన బాకాలకూ ఇదే పరిమితి. పాట పలకాలంటే వాయిస్తూనే గొట్టం పొడవు మార్చగలగాలి.

ఐరోపాలో 15వ శతాబ్దంలోనే దీనికి తోవ దొరికింది. లోపలి గొట్టాల మీద బయటి గొట్టాన్ని ముందుకూ వెనక్కూ జరిపే ట్రాంబోన్ అప్పుడు రూపుదిద్దుకుంది. ట్రంపెట్ మాత్రం చాలాకాలం ఆగవలసి వచ్చింది. గొట్టానికి రంధ్రాలు పెట్టి మీటలతో మూసే ట్రంపెట్ కోసం ఆస్ట్రియా స్వరకర్త హైడన్ 1796లో ఒక కచేరీ రచన చేశాడు గానీ, రంధ్రం తెరిచినప్పుడల్లా నాదం మందగించడంతో ఆ పద్ధతి నిలవలేదు. నొక్కితే గాలిని అదనపు గొట్టంలోకి మళ్లించి మొత్తం పొడవు పెంచే వాల్వుకు స్టోల్జెల్, బ్లూమెల్ అనే వాద్యకారులు 1818లో నాటి జర్మన్ రాజ్యమైన ప్రష్యాలో పేటెంటు పొందారు. నేటి ట్రంపెట్‌లో వేలితో నొక్కే వాల్వు, అంటే పిస్టన్, పారిస్‌కు చెందిన వాద్యాల తయారీదారు పెరినే 1830ల చివర తీర్చిన నమూనా నుంచి వచ్చింది.

ట్రాంబోన్ జారుడుకు అరస్వరం చొప్పున ఏడు స్థానాలు. మూడు పిస్టన్లను ఎన్ని విధాల కలిపి నొక్కినా వచ్చే పొడవులూ ఏడే, ఎందుకంటే మొదటిదీ రెండోదీ కలిపితే మూడోదానికి సమానం. అయితే పిస్టన్ లెక్క పూర్తిగా పొసగదు: మొదటిదీ మూడోదీ కలిపి నొక్కినప్పుడు అదనపు గొట్టం కాస్త తక్కువై శ్రుతి పైకి పోతుంది, మూడో పిస్టన్ గొట్టానికున్న ఉంగరంలో వేలు దూర్చి దాన్ని బయటికి తోసి సరిదిద్దాలి. ట్రాంబోన్‌కు ఈ బెడద లేదు. వయొలిన్ తీగ మీద వేలిలాగే చెయ్యి కావలసిన చోట ఆగుతుంది.

అందుకే మన సంగీతం దృష్ట్యా నేను ట్రాంబోన్‌నే గొప్పదంటాను. ముత్తుస్వామి దీక్షితుల నోటుస్వరాలు పాశ్చాత్య బాణీల మీద, గమకం లేకుండా సాగేవి గనుక పిస్టన్ మీద హాయిగా పలుకుతాయి. తోడి రాగంలో గాంధారాన్ని ఊపాలన్నా, ఒక స్వరం నుంచి మరోదానికి జారు వేయాలన్నా పిస్టన్ మెట్లుమెట్లుగా తెగిపోతుంది. పెదవితో, సగం నొక్కిన పిస్టన్‌తో కొంత సర్దవచ్చు గానీ అది సర్దుబాటే.

వీధిలో మాత్రం తూకం తిరగబడుతుంది. ఇరుకు సందులో, ఊరేగింపు జనంలో మనిషి ముందుకు రెండడుగులు చాచుకునే గొట్టానికి చోటుండదు. ఎవరి మోచెయ్యో తగిలి చిన్న సొట్ట పడినా జారుడు పట్టేస్తుంది. పిస్టన్‌కు దుమ్ము శత్రువే, కానీ దాని బాగోగులు వాద్యగాడి చేతిలో పని: మూత విప్పి, పిస్టన్ బయటికి తీసి, మెత్తని నూలుబట్టతో తుడిచి, రెండు చుక్కల వాల్వు నూనె వేసి, అంకె చూసుకుని సరైన వైపుకే దించాలి, తిప్పి పెడితే రంధ్రాలు కలవక గాలి పోదు.

మే నెల ఎండ ఇంకో పరీక్ష. ఒక్కో డిగ్రీకీ గాలిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 0.6 మీటర్లు పెరుగుతుంది, దానితో శ్రుతీ పైకి పోతుంది. పక్కనున్న కీబోర్డు శ్రుతి మాత్రం కదలదు. ట్రంపెట్ వాద్యగాడు ఆగి శ్రుతి గొట్టం లాగాలి, ట్రాంబోన్ వాద్యగాడు వింటూనే చెయ్యి సర్దుకుంటాడు.

పెళ్లిళ్ల సీజను మీద బతకవలసిన కుర్రవాడికి ట్రంపెట్‌నే చెబుతాను. వేదిక మీద కూర్చుని కీర్తన వాయించాలన్న తపన ఉన్నవాడికి ట్రాంబోనే, అదీ జారుడుదే. పిస్టన్లు బిగించిన ట్రాంబోన్ సందుల్లో సౌకర్యమే గానీ, దేనికోసం ట్రాంబోన్ కావాలో ఆ జారునే పోగొడుతుంది కాబట్టి అది నాకు నచ్చదు. నలుగురైదుగురు ట్రంపెట్ వాద్యగాళ్లున్న మేళం మాత్రం మరో ట్రంపెట్ కొనే బదులు ఒక జారుడు ట్రాంబోన్ తెచ్చుకుని, గుడి ముందు నిలబడి వాయించే ఘట్టాన్ని దానికి అప్పగించాలి.