విశాఖలో మా షిప్పింగ్ ఏజెంటు గురించి

భీమవరం దగ్గర మాది చిన్న రొయ్యల ఎగుమతి యూనిట్. 2025 ఆగస్టు 27 నుంచి అమెరికా అదనపు సుంకం 50 శాతానికి చేరుతుందని తెలిశాక ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. ఆలోపు సరుకు ఓడెక్కి, సెప్టెంబర్ 17కు ముందే అక్కడ దిగుమతి పూర్తయితే కొత్తగా కలిపిన 25 శాతం పడదని నిబంధన ఉంది కదా, ఉన్న సరుకంతా ఎక్కించేద్దామని పరుగెత్తాను. మా ఏజెంటు ఓడల షెడ్యూలు కాగితం ముందు పెట్టి, "రాజుగారూ, ఇప్పుడు ఎక్కించినా ఆ తేదీకి న్యూయార్క్ చేరదండి, తొందరపడకండి" అన్నాడు. తన కమీషన్ పోతుందని తెలిసీ చెప్పాడు! ఆ ఒక్క మాటతో బయటపడ్డాం.

యూరప్‌కి పంపిన సరుకు విషయంలో మాత్రం అతని మీద కోపం వచ్చింది. యెమెన్‌లోని హౌతీ తిరుగుబాటుదారుల దాడుల వల్ల అప్పట్లో ఓడలు ఎర్ర సముద్రం వదిలి ఆఫ్రికా చుట్టూ తిరిగి వెళ్లేవి, దానికి సర్‌చార్జీ (అదనపు రుసుము) తప్పలేదు, ఒప్పుకుంటాను. కానీ అది బిల్లులో చూసేదాకా చెప్పకపోతే ఎలా? రేటు అడిగేటప్పుడే సర్‌చార్జీలన్నీ రాతపూర్వకంగా తీసుకోండి. నేనైతే ఇతన్ని మార్చను.