ఎమ్మిగనూరు నవోదయ కోచింగ్: ఆదివారాలు పంపండి, టీసీ మాత్రం తీయొద్దండి

మా పాప ఇప్పుడు బనవాసి నవోదయలో, అంటే కేంద్ర ప్రభుత్వం నడిపే హాస్టలు బడిలో, ఆరో తరగతి. పరీక్ష రాసే ముందు ఏడు నెలలు ఎమ్మిగనూరులో ఒక కోచింగ్ సెంటర్‌కి పంపినాం. నా దగ్గరికి జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చే ప్రతి తల్లీ ఇదే అడుగుతోంది. "అక్కా, యాడ చేర్పించినావు? బాగా చెప్తారా? ఎంత తీసుకున్నారు?" అందరికీ చెప్పేదే ఇక్కడ రాస్తున్నా. సెంటర్ పేరు మాత్రం రాయను. నేను చెప్పబోయే తప్పు మాట ఇంకో రెండు చోట్ల కూడా విన్నామని మా ఊరి తల్లులే చెప్పినారు, ఒక్కరి మీద పెట్టడం న్యాయం కాదు.

ముందు మా సంగతి. మాది ఎమ్మిగనూరుకు 14 కిలోమీటర్ల దూరంలో పల్లె. మా ఆయన ట్రాక్టర్ తోలుతాడు, నేను ఇంట్లోనే మిషన్ పెట్టుకున్నా. వానలు ఎగ్గొట్టిన ఏడు మా వాడలో సగం ఇళ్లకు తాళాలు పడతాయి. మిరపకాయలు తెంపడానికి గుంటూరు వైపు సుగ్గికి పోతారు, పిల్లల్నీ వెంట తోలుకపోతారు. నేను అట్ల పోయి ఏడో తరగతిలోనే బడి మానుకున్నదాన్ని. అందుకే నవోదయ మీద నాకు అంత ఆశ. అనంతపురం వైపు వాళ్లు హిందూపురం దగ్గరున్న కొడిగెనహళ్ళి గురుకులం పేరు ఎట్ల చెప్పుకుంటారో, మాకు బనవాసి అట్ల. ఆరు నుంచి పన్నెండు దాకా తిండి, హాస్టలు, బట్టలు, పుస్తకాలు అన్నీ వాళ్లే ఇస్తారు. తొమ్మిది నుంచి వికాస్ నిధి అని నెలకు 600 కట్టాల్సి ఉంటుంది, ఆడపిల్లలు అది కూడా కట్టక్కర్లేదు. జిల్లా మొత్తానికి సీట్లు 80. ఆరో తరగతి పరీక్ష ఐదులో ఉన్నప్పుడు ఒక్కసారే రాయాలి, మళ్లీ రాస్తామంటే కుదరదు.

సెంటర్ బస్టాండు నుంచి నడిచిపోయేంత దూరంలోనే ఉంది. మేడ మీద రెండు గదులు, వెనక ఒక రేకుల షెడ్డు. ఆదివారం బ్యాచ్‌కి 4,500 తీసుకున్నారు, హాస్టల్లో ఉంచితే 28,000 అన్నారు. మేము ఆదివారం బ్యాచే తీసుకున్నాం. పొద్దున తొమ్మిదికి దింపితే సాయంత్రం నాలుగుకు వదులుతారు. తాగేనీళ్లు బాగున్నాయి. బాత్రూం ఒక్కటే, అరవై మంది పిల్లలకు అది చాలదు. మా పాప మొదటి నెల నీళ్లు తాగకుండా కూర్చునేది, అడిగితే చెప్పింది. నేను పోయి సెంటర్ మేడమ్‌తో మాట్లాడినాక ఆడపిల్లలకు మధ్యలో వేరే టైం ఇచ్చినారు.

మెచ్చుకోవాల్సింది ముందు చెప్తా. పరీక్ష రెండు గంటలు, 80 ప్రశ్నలు, 100 మార్కులు. అందులో 40 ప్రశ్నలు బొమ్మలవే. 20 లెక్కలు, 20 భాష. ఒక్కో ప్రశ్నకు ఒకటింబావు మార్కు. తప్పు రాస్తే మార్కు కోసుకోరు. మా ఊర్లో చాలామంది ఐదో తరగతి పుస్తకాలు బట్టీ పెడితే చాలనుకుంటారు. నేనూ అట్లనే అనుకున్నా. సగం మార్కులు పుస్తకంలో లేని బొమ్మల మీద ఉన్నాయని ఈ సెంటర్‌కి పోయినాకే తెలిసింది. తేడా బొమ్మ ఏది, వరుసలో తర్వాత వచ్చేది ఏది, అద్దంలో ఎట్ల కనిపిస్తుంది, దాగిన బొమ్మ ఎక్కడుంది... ప్రతి రకంలో వందల బొమ్మలు చేయించినారు. మా పల్లె బడిలో ఇద్దరు టీచర్లే, ఐదు తరగతులు. వాళ్లకు అంత తీరిక యాడిది?

ఇంకొకటి ఓఎంఆర్ షీటు. జవాబు తెలిసినా గుండ్రం సరిగా దిద్దలేక పోయే పిల్లలు ఉంటారని సార్ మొదటి రోజే చెప్పినాడు. మా పాప మొదట్లో నాలుక కొరుక్కుంటూ ఒక్కో గుండ్రాన్ని నల్ల బాల్‌పెన్నుతో చుట్టూ గీసి, తర్వాత లోపల నింపేది. గడియారం పెట్టి చూస్తే ఒక్కోదానికి పదిహేను సెకన్లు. అట్లయితే 80 గుండ్రాలకే ఇరవై నిమిషాలు పోతాయి. సార్ ఆమె పక్కన కూర్చుని, మధ్యలో చుక్క పెట్టి బయటికి తిప్పుతూ పోవడం చూపించినాడు. డిసెంబరుకు నాలుగు సెకన్లకు వచ్చింది. ఆ సార్‌కి నేను ఎప్పటికీ రుణపడి ఉంటా.

కానీ అన్నీ సెంటర్ వాళ్లే నేర్పుతారని చేతులు కట్టుకుని కూర్చోవద్దు. కాగితం మడిచి బెజ్జం కొట్టి, విప్పితే బెజ్జాలు ఎక్కడెక్కడ ఉంటాయి అని అడిగే ప్రశ్నలు నాలుగు వస్తాయి. దానికి సార్ ఒక సూత్రం చెప్పినాడు, మడత పెరిగే కొద్దీ బెజ్జాలు రెట్టింపు అని. పాప ఇంటికొచ్చి అదే వల్లిస్తోంది. నేను లైనింగ్ గుడ్డ ముక్క తీసి నాలుగు మడతలు వేసి, మడతలు కలిసే మూలలో కత్తెరతో చిన్న గాటు పెట్టినా.

"విప్పకుండా చెప్పు, ఎన్ని కన్నాలు?"

"నాలుగు మా."

విప్పినా. గుడ్డ నడిమధ్యలో ఒకే ఒక కన్నం. పాప నోరు తెరిచి చూసింది. "నువ్వు మెడ కత్తిరించేది ఇట్లనే కదా!" అంది. ఆ రోజు నుంచి నా డబ్బాలో పేలికలన్నీ ఆమెవే. మూలకు ఏటవాలుగా మడిచి, అంచున గాటు పెట్టి, నట్టనడుమ గాటు పెట్టి, ముందు చెప్పడం, తర్వాత విప్పి చూసుకోవడం. అద్దం బొమ్మలకు నా గిరాకీలు చూసుకునే అద్దమే. సుద్దతో గుడ్డ మీద అక్షరాలు రాసి అద్దం ముందు పెట్టేది. నెల తిరిగేసరికి ఆ రెండు రకాల్లో ఒక్క తప్పూ చేయలేదు. ఇంట్లో ఏ పని చేసే తల్లికైనా ఇట్లాంటిది ఒకటి దొరుకుతుంది, వెతుక్కోండి.

ఇక అసలు విషయం. ఆగస్టులో సెంటర్ నడిపే పెద్దాయన నన్ను పిలిచి కూర్చోబెట్టినాడు. "అమ్మా, పాప చురుకైంది. ఆదివారాలు చాలవు. ఊర్లో టీసీ తీసుకోని మా స్కూల్లో వేయండి, హాస్టల్లో ఉంచండి. పొద్దున ఐదు నుంచి రాత్రి పది దాకా కోచింగే. సీటు గ్యారంటీ." గ్యారంటీ అన్న మాటకు నేను కరిగిపోయినా. మా ఆయన 28,000 కి అప్పు కూడా అడిగి వచ్చినాడు.

సోమవారం టీసీకి మా బడికి పోతే హెడ్‌మాస్టర్ మేడం రిజిస్టర్ తెరవలేదు. "ఎందుకమ్మా?" అని అడిగి, నేను చెప్పింది విని, ఫోన్‌లో నవోదయ ప్రాస్పెక్టస్ తెరిచి నాకు చదివి వినిపించింది. 75 శాతం సీట్లు పల్లె పిల్లలవి. ఆ కోటా కావాలంటే మూడు, నాలుగు, ఐదు తరగతులు మూడూ పల్లెలోని బడిలోనే, ఏడాది పొడుగునా చదివుండాలి. ఈ మూడింట్లో ఒక్క రోజు టౌను బడిలో చదివినా అర్బన్ కిందికి పోతారు. ఎమ్మిగనూరు మున్సిపాలిటీ. "నీ బిడ్డకున్న పెద్ద బలం ఈ బడే తల్లీ, దాన్ని ఎందుకు తీసేస్తావు?" అంది మేడం. నేను ఆ బెంచీ మీదనే ఏడ్చినా. ఎంత దగ్గరికి పోయినానో తలుచుకుంటే ఇప్పటికీ చేతులు వణుకుతాయి.

తిరిగి పోయి పెద్దాయన్ని అడిగితే, "అదంతా ఎవరూ చూడరమ్మా, మేము చూసుకుంటాం" అన్నాడు. చూస్తారు. మా బ్యాచ్‌లోనే ఒక బాబు, మా పాప కంటే బాగా చదివేవాడు, అక్టోబరులో టీసీ తీసుకుని ఆ హాస్టల్లో చేరినాడు. ఫారంలో రూరల్ అనే ఉంది. లిస్టులో పేరు వచ్చింది. సర్టిఫికెట్లు చూసే రోజు ఐదో తరగతి ఎక్కడ చదివినాడో తేలింది, సీటు పోయింది. వాళ్లమ్మ కూలికి పోయే మనిషి. ఆ 28,000 వెనక్కి అడిగితే, కోచింగ్ ఇచ్చినాం కదా అన్నారట. ఈ ఒక్క సంగతి కోసమే ఇదంతా రాస్తున్నా.

దరఖాస్తు కూడా మీరే చూసుకోండి. నవోదయ ఫారానికి ఫీజు లేదు, మా దగ్గర మాత్రం సెంటర్ వాళ్లు 300 తీసుకున్నారు. పైగా ప్రింటు తెచ్చి చూస్తే పరీక్ష మాధ్యమం ఇంగ్లీషు అని ఉంది. బడిలో రెండు భాషల పుస్తకాలూ ఉన్నా, మా పాప పేరా చదివి అర్థం చేసుకునేది తెలుగులోనే. గడువు అయిపోయినాక మార్పులకు రెండు రోజులు ఇస్తారు. అప్పుడు కులం, రూరల్-అర్బన్, మాధ్యమం లాంటివి కొన్ని మార్చుకోవచ్చు. మేడం తన ఫోన్‌లోనే మార్చి ఇచ్చింది. ఆ ప్రింటు తీసి ఒక్కో గడీ వేలు పెట్టి చదవండి, చదువు రాకపోతే బడి టీచర్‌తో చదివించుకోండి.

పరీక్ష 2025 జనవరి 18, శనివారం, పదకొండున్నరకు. సంక్రాంతి అయ్యి నాలుగు రోజులు. ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరుని జాతర కూడా ఆ నెలలోనే. పాపను జాతరకు తీసుకుపోలేదు, వాళ్లవ్వ నన్ను బాగా తిట్టింది. బయటికొచ్చినాక పాప చెప్పిన మొదటి మాట, "మడతలవి నాలుగూ చేసినా మా." మొదటి లిస్టులో పేరు రాలేదు. రెండో లిస్టులో వచ్చింది. ఆ మధ్య రోజులు ఎట్ల గడిచినాయో నాకు, ఆ మిషన్‌కు తెలుసు. జాకెట్ చేతులు తారుమారుగా కుట్టి రెండుసార్లు విప్పినా.

సెంటర్‌కి నేను ఐదుకు మూడిస్తా. చదువు చెప్పే సార్లకు ఐదు, నడిపే పద్ధతికి ఒకటి. ఆదివారం బ్యాచ్‌కి 4,500 దండగ కాదు. హాస్టల్ బ్యాచ్ వద్దు, పదేళ్ల బిడ్డకు రాత్రి పది దాకా కూర్చోవడం అక్కర్లేదు. ఎవరైనా సీటు గ్యారంటీ అంటే ఆ మాట కాగితం మీద రాసి సంతకం పెట్టమనండి. నేను అడిగినా, పెట్టలేదు.

పోయిన ఆదివారం బనవాసి పోయి చూసి వచ్చినాం. పాప బరువు పెరిగింది, హిందీలో రెండు మాటలు మాట్లాడి చూపించింది. తొమ్మిదో తరగతిలో కొంతమందిని ఏడాది పాటు హిందీ రాష్ట్రంలో నవోదయకు పంపుతారంట. దానికి నాకు ఇప్పటి నుంచే భయంగా ఉంది, ఆమెకేమో ఆశగా ఉంది. చిన్నోడు ఇప్పుడు మూడో తరగతి. వాణ్ని ఐదులో ఆ సార్ల దగ్గరికే ఆదివారాలు పంపుతా. పేరు మాత్రం మా ఊరి బడి రిజిస్టర్లోనే ఉంటుంది.