బెలుగాల దీవి నుంచి రోళ్లపాడు బీడు దాకా

ముందే చెప్పేస్తున్నా, తిమింగలాలు నడిసముద్రంలో పైకి లేచి పడుతుంటే చూడాలనుకునేవాళ్లు ఐస్‌లాండ్‌లోని ఈ హేమాయ్ దీవికి పోవద్దు. దానికి ఐస్‌లాండ్‌లోనే రెయికావిక్ రేవు నుంచో, ఉత్తరాన హుసావిక్ నుంచో పడవలుంటాయి, వాటిలో వెళ్లండి. మేము వెళ్లింది వేరే పనికి. ఏళ్ల తరబడి కొలనులో పెట్టి ఆటలాడించిన తిమింగలాలకు మళ్లీ సముద్రం అలవాటు చేస్తామని పూనుకున్న చోటు ఎలా ఉంటుందో చూడాలని మా అమ్మాయి పట్టుబట్టింది.

అది డబ్లిన్‌లో ఉద్యోగం చేస్తోంది. ఆగస్టులో నేనూ మా ఆయనా కర్నూలు నుంచి దాని దగ్గరికి వెళ్తే, “అమ్మా, నాలుగు రోజులు పోయొద్దాం, విమానం రెండున్నర గంటలే” అని టికెట్లు ముందే తీసి పెట్టింది. ఒకటి గుర్తుంచుకోండి, ఐర్లాండ్ వీసా అక్కడ పనికిరాదు, షెంజెన్ వీసా వేరుగా తీసుకోవాలి, డబ్లిన్‌లో ఉద్యోగాలు చేసే మన పిల్లలకు కూడా. మా ఆయన స్వెటర్ కన్నా ముందు సర్దుకున్నది ఎండు జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి. నేను నవ్వాను గానీ, రెయికావిక్‌లో ఒక గిన్నె సూపుకి బిల్లు చూశాక ఆ రొట్టెల్లో సగం నేనే తిన్నాను.

రెయికావిక్‌లో దిగిన హోటల్ పేరు చెప్పను, ఎవరికీ రెకమెండ్ కూడా చెయ్యను. రైలు బెర్తు కన్నా కాస్త పెద్ద గది, మూడు గంటలకు ముందు తాళం ఇవ్వమని లాబీలో సామాన్లతో కూర్చోబెట్టారు. అక్కడ వేడినీళ్లు భూమిలోంచే వస్తాయి, అందుకని కుళ్లిన కోడిగుడ్డు వాసన. మొదటి రోజు మా ఆయన పైపు పగిలిందేమోనని కిందికి పోయి అడిగి వచ్చాడు. చన్నీళ్లు మాత్రం ఎంత బాగుంటాయో, కుళాయి కింద పట్టుకుని తాగేయొచ్చు, బాటిళ్లు కొని డబ్బులు పారేసుకోకండి.

అక్కడి నుంచి దాదాపు రెండు గంటలు కారులో దక్షిణానికి పోతే చిన్న రేవు, అక్కడ ఫెర్రీ ఎక్కితే నలభై నిమిషాల్లో వెస్ట్‌మన్ దీవుల్లో పెద్దదైన హేమాయ్. గాలి ఎక్కువైతే ఫెర్రీ ఇంకో రేవు నుంచి నడుస్తుంది, అప్పుడు రెండు గంటలు దాటుతుంది, కాబట్టి ముందు రోజు రాత్రే చూసుకోండి. కారుతో సహా ఎక్కొచ్చు, లోపల శుభ్రంగా ఉంది, సమయానికి బయలుదేరింది. ఈ ట్రిప్పు మొత్తంలో నేను పూర్తి మార్కులు వేసే సర్వీసు ఇదొక్కటే. ఈ దీవిలో 1973 జనవరిలో ఊరి పక్కనే నేల చీలి అగ్నిపర్వతం లేచిందట, అయిదు వేల మందికి పైగా జనాన్ని రాత్రికి రాత్రి పడవల్లో దాటించారు, లావా రేవుని పూడ్చేస్తుంటే సముద్రపు నీళ్లు పంపులతో కొట్టి ఆపారు. దాని మ్యూజియం కూడా బాగుంది, గంట చాలు.

ఫెర్రీ రేవులోకి తిరిగేటప్పుడు కుడివైపు చూడండి. నిలువు కొండల మధ్య చిన్న అఖాతం ఉంటుంది, పేరు క్లెట్స్‌విక్. తిమింగలాల కోసం తీసుకున్న చోటు అదే, 32,000 చదరపు మీటర్లు, లోతు పది మీటర్ల దాకా. వల కట్టిన ఆ నీళ్లలో మేము వెళ్లిన రోజు తిమింగలాలు లేవు. పైన పక్షులు తిరుగుతున్నాయి అంతే. మా ఆయన నా మొహం చూసి, “ఇంత దూరం వచ్చింది ఖాళీ చెరువు చూడడానికా” అన్నాడు.

తిమింగలాలు అప్పటికి రేవు దగ్గర భవనంలోపలి కొలనులో ఉన్నాయి. లిటిల్ గ్రే, లిటిల్ వైట్, రెండూ ఆడ బెలుగాలు, అంటే తెల్ల తిమింగలాలు. రష్యా సముద్రంలో పిల్లలుగా పట్టి షాంఘైలో ఒక పార్కుకి అమ్మారు, అక్కడ జనం ముందు ఆటలాడుతూ పెరిగాయి. 2019 జూన్‌లో ఒక్కోటీ దాదాపు తొమ్మిది వందల కిలోల ఆ జంతువుల్ని నీళ్లతొట్లలో పడుకోబెట్టి, లారీ, విమానం, మళ్లీ లారీ, ఫెర్రీ, ఇలా ఇక్కడికి తెచ్చారు. తెచ్చినంత తేలిక కాలేదు దించడం. 2020 ఆగస్టులో అఖాతంలోకి మార్చారు, తరవాత మళ్లీ లోపలికి తేవాల్సి వచ్చింది, మధ్యలో ఒకదానికి కడుపు జబ్బు చేసింది. ఎందుకింత ఆలస్యమని అడిగితే అక్కడ పనిచేసే అమ్మాయి ఓపిగ్గా చెప్పింది. ఎప్పుడూ ఒకే రకం నీళ్లలో, అలలు లేకుండా, నేల మీద ఇసుక నాచు తెలియకుండా బతికినవాటికి గాలివాన ఏమిటో తెలియదు, చలికి తట్టుకునే కొవ్వు పట్టాలి, ఊపిరి బిగబట్టి లోతుకు పోయే అలవాటు రావాలి. చేప వెంటపడి పట్టడం రాదు, చేతికి అందిస్తేనే నోరు తెరుస్తాయి. అందుకే ఇక్కడి ఉద్దేశం వదిలెయ్యడం కాదు, చచ్చేదాకా ఆ అఖాతంలో నిజమైన సముద్రపు నీళ్లలో ఉండనివ్వడం. ఇది వాళ్లు దాచిపెట్టకుండా చెప్పడం నాకు నచ్చింది.

అద్దం దగ్గర అరగంట నిలబడ్డాను. ఒకటి నెమ్మదిగా వచ్చి ఆగి, ఒళ్లు కదపకుండా తల మాత్రం పక్కకి తిప్పి చూసింది. మిగతా తిమింగలాల్లో చాలా వరకు మెడ అలా తిప్పలేవట, బెలుగాలకి మెడ ఎముకలు విడివిడిగా ఉంటాయట. సున్నం కొట్టిన గోడ అంత తెలుపు, నుదురు మీద మెత్తగా ఒక బొడిపె, దాని కింద నేరేడు గింజంత కన్ను. ఎవరింట్లోనో పరదా పక్కకి తీసి చూసినట్టు సిగ్గనిపించి నేనే పక్కకి జరిగాను. టికెట్ డబ్బులు వాటి తిండికి పోతాయంటారు, సరే, కానీ మనం కట్టేది మళ్లీ అద్దంలోంచి చూడడానికే. ఈ మెలిక వచ్చేదాకా నన్ను వదల్లేదు.

క్లెట్స్‌విక్‌కి ఇది మొదటిసారి కాదు. కైకో అనే ఓర్కాని (నలుపు తెలుపుల కిల్లర్ వేల్) 1979లో ఐస్‌లాండ్ దగ్గరే పట్టారు, మెక్సికోలో ఒక పార్కులో చాలా ఏళ్లు ఉంది, 1993లో వచ్చిన హాలీవుడ్ సినిమాలో నటించాక దాన్ని వదిలెయ్యమని పిల్లలు ఉత్తరాలు రాశారు. 1996లో అమెరికాలోని ఓరెగాన్‌కి, 1998లో విమానంలో సరిగ్గా ఈ అఖాతానికే తెచ్చారు. నాలుగేళ్ల తర్ఫీదు తరవాత 2002లో సముద్రంలోకి వెళ్లిపోయింది, నార్వే దాకా ఈదింది. ఈది ఏం చేసింది? మళ్లీ మనుషుల్నే వెతుక్కుంది, ఒడ్డున పిల్లలు దాని వీపెక్కి ఆడుకున్నారు. 2003 డిసెంబర్‌లో న్యుమోనియాతో చనిపోయింది. ఇది గెలుపా ఓటమా అని మా అమ్మాయికి, దాని నాన్నకి తిరుగు ఫెర్రీ అంతా వాదనే. “అయిదేళ్లయినా సముద్రం చూసింది కదా” అని అది, “చిన్నప్పుడు పట్టకుండా ఉంటే సరిపోయేది” అని ఈయన. కెనడాలో నోవా స్కోషియా తీరాన పోర్ట్ హిల్‌ఫర్డ్ దగ్గర నలభై హెక్టార్ల అఖాతంలో ఇంతకన్నా పెద్ద అభయస్థలం కట్టాలని 2020 నుంచి చూస్తున్నారు. మన దగ్గర ఆ బాధ లేదు, డాల్ఫిన్లతో ప్రదర్శనశాలలు పెట్టడానికి వీల్లేదని కేంద్రం 2013 మేలోనే తేల్చేసింది. ఆ విషయం ఫెర్రీలో మా ఆయన కాస్త గర్వంగానే చెప్పాడు.

హేమాయ్‌లో నాకు తృప్తి ఇచ్చింది తిమింగలాలు కాదు, పఫిన్ అనే సముద్రపు పిట్టల పిల్లలు. ఆగస్టు చివర్లో అవి రాత్రిపూట గూళ్లలోంచి మొదటిసారి ఎగిరి, సముద్రం మీది వెన్నెల అనుకుని ఊళ్లో దీపాల మీదికి వచ్చి వీధుల్లో పడతాయి. ఊరి పిల్లలు అట్టపెట్టెలు పట్టుకుని రాత్రి చాలాసేపటిదాకా తిరుగుతుంటారు, పెద్దవాళ్లు కార్లలో వెనకాల. పొద్దున్న తూకం వేయించి, కొండ అంచుకి తీసుకెళ్లి పైకి విసిరేస్తారు. మేమున్న చోటి ఇంటావిడ మనవడు ఒకటి తెచ్చాడు, రెండు చేతుల మధ్య నల్లగా, గుండె టకటకా కొట్టుకుంటూ, వాడి వేలు కొరుకుతోంది. విసిరాడు, రెండుసార్లు తడబడి పోయింది. మొత్తం ఒక రాత్రి పని. (ఆ ఇల్లు మాత్రం హాయిగా ఉంది, వంటగది వాడుకోనిచ్చారు, ఆవిడకి చెనిక్కాయల పొడి రుచి చూపిస్తే నీళ్ల కోసం పరిగెత్తింది.)

తిరిగొచ్చాక డిసెంబర్‌లో ఒక ఆదివారం తెల్లవారుజామున నందికొట్కూరు మీదుగా రోళ్లపాడు పోయాము. మా ఇంటి నుంచి గంట పైన పడుతుంది. పుట్టి పెరిగింది కర్నూల్లోనే అయినా నేను పోవడం అదే మొదటిసారి. జిల్లాలు విడదీశాక 2022 నుంచి అది నంద్యాల కిందికి పోయింది. బట్టమేక పిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) కోసం 1988లో 614 హెక్టార్ల గడ్డినేలని అభయారణ్యం చేశారు. అరణ్యం అంటే చెట్లు ఊహించుకోకండి, బోదగడ్డి, తుమ్మలు, నల్లరేగడి, పైన బోలెడంత ఆకాశం. ఉండడానికి కర్నూల్లో గది తీసుకోవడమే మేలు, అక్కడ తినడానికి ఏమీ దొరకదు, నీళ్లు మీరే తీసుకుపోవాలి, ఎనిమిదికల్లా ఎండ ఎక్కుతుంది కాబట్టి చీకటితోనే బయలుదేరండి. చలికాలంలో గడ్డి మీద జానెడు ఎత్తున ఎగిరే పిల్లిగద్దలు, లెక్కపెట్టలేనన్ని కృష్ణజింకలు. ఆ జింకలు బయటికొచ్చి చెనిక్కాయ చేలు మేస్తాయని చుట్టుపక్కల రైతులకి మంటే, అదీ న్యాయమే.

బట్టమేక మాత్రం రంగు వెలిసిన బోర్డు మీదే ఉంది. చుట్టూ కాలువ నీళ్లొచ్చి పంటలు మారాయి, అటుపక్క ఓర్వకల్లు వైపు వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు వచ్చింది. మగపిట్ట పది కిలోలు దాటుతుంది, ఎదురుగా ఉన్నది దానికి సరిగా కనపడదు, అందుకే కరెంటు తీగలకి కొట్టుకుని చచ్చిపోతుంది. ఏడాదికి పెట్టేది మామూలుగా ఒకే గుడ్డు, అదీ వట్టి నేల మీద. దేశం మొత్తం మీద నూటయాభై కూడా లేవంటున్నారు. ఆ దీవిలో జంతువులున్నాయి, వాటికోసం చూపించిన నీళ్లు ఖాళీ. ఇక్కడ నేల ఉంది, పిట్ట లేదు.

వాచరు మమ్మల్ని గట్టు మీద నిలబెట్టి చూపించాడు. “నేను చిన్నప్పుడు సూసినా మేడం, మేకపిల్లంత ఉంటాది, మెడ ఎత్తి నడుస్తాది, మా నాయనైతే రోజూ సూసేటోడు” అన్నాడు. రాజస్థాన్‌లో జైసల్మేర్ దగ్గర 2019 నుంచి గుడ్లు ఏరుకొచ్చి పొదిగించి, పిల్లల్ని పెంచుతున్నారని చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, “చేత్తో మేత పెట్టి పెంచినవి మనిషిని సూస్తే పారిపోవు కదా మేడం, అట్లాంటివి ఈడ ఇడిస్తే కుక్కలు బతకనిస్తాయా” అన్నాడు. కైకో కథ చెబుదామనుకుని ఊరుకున్నాను. ఆయనకి అవసరం లేదనిపించింది.

వచ్చేటప్పుడు నందికొట్కూరులో ఆగాం. పది దాటింది, ఉగ్గాని అయిపోయింది, మిరపకాయ బజ్జీలు మాత్రం అప్పుడే నూనెలోంచి తీస్తున్నారు.