పార్టులు మంచివే, బోర్డు తిప్పి చూస్తేనే బాధ

విజయనగరం గంటస్తంభం వైపు షాపుల్లో పేరు లేని డబ్బాలో దొరికే ల్యాండ్‌లైన్ ఇంటర్‌ఫేస్ బోర్డు ఇది. అలారం మోగితే తనంతట తానే ఫోను చేసే ఆటోడయలర్లకి వేస్తారు.

పైనుంచి చూస్తే ముచ్చటేస్తుంది. వోల్టేజీ హద్దు దాటితే వెలిగి దాన్ని ఎర్త్‌లోకి పంపే మూడు కాళ్ల గ్యాస్ ట్యూబు మీద 230 వోల్టులని ఉంది. సరైన ఎంపికే. లైన్లో 48 వోల్టుల డీసీ, దానిమీద 75 వోల్టుల ఏసీ రింగు కలిస్తే పీక్ 150 దాటుతుంది. 90 వోల్టుల ట్యూబైతే బెల్లు కొట్టినప్పుడల్లా వెలిగి రింగును మింగేస్తుంది. రెండు తీగలకీ చెరో పీటీసీ (కరెంటు ఎక్కువైతే వేడెక్కి దాన్ని అడ్డుకునే పార్టు) ఉంది. కరెంటు తీగ తెగి ఫోను తీగ మీద పడితే కాపాడేది అదే.

ఇక అడుగువైపు. ఎర్త్ ట్రాక్ మిల్లీమీటరు వెడల్పైనా లేదు. పిడుగు సర్జ్ (ఒక్కసారిగా ఎగసే కరెంటు) పోయేది దానిమీంచే, కాగితంలా లేచిపోతుంది. అంతకన్నా ఘోరం, ఫోను లైనునీ డయలర్‌నీ విడదీసే ట్రాన్స్‌ఫార్మర్ కింద గ్రౌండు రాగి పరిచేశారు. వైండింగుల మధ్య 1500 వోల్టుల ఇన్సులేషన్ ఉండి ఏం లాభం? లైను ప్యాడ్‌కీ ఆ రాగికీ మధ్య గోరు పట్టేంత సందు లేదు. పైగా సోల్డరింగ్‌లో మిగిలిన ఫ్లక్స్ జిగురు తుడవలేదు. వానాకాలం చెమ్మ పడితే కరెంటుకి అదే దారవుతుంది.

ఈసరికే కొనేస్తే ఆ రాగిని బ్లేడుతో గీకి తీసేసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడగండి. ఎర్త్ ట్రాక్ వెంట మందపాటి రాగి తీగ సోల్డర్ చేయండి. ఎర్త్ తీగ మీటరు లోపే ఉండాలి, ఇంటి మెయిన్ ఎర్త్‌కే కలపాలి. విడిగా రాడ్డు పాతితే పిడుగు పడ్డప్పుడు రెండు ఎర్త్‌ల మధ్య తేడా అంతా డయలర్ నెత్తినే పడుతుంది.

ఐదుకి రెండు మార్కులు. ఆ రెండూ గ్యాస్ ట్యూబుకీ, పీటీసీలకీ.