లిస్బన్ బెలెం వాకింగ్ టూర్: ఖడ్గమృగానికి పావుగంట, బానిసలకు ఒక్క ముక్క

లిస్బన్‌లో ఉండేది రెండు రోజులే, సొంతంగా తిరిగి తిప్పలు పడేకంటే గైడ్ ఉంటే నయమని అక్కడి బెలెం పేటలో ఓ వాకింగ్ టూర్ బుక్ చేశాం. పోర్చుగీసు సముద్రయానాల కథంతా చెబుతామన్నారు. కంపెనీ పేరు రాయను, గొడవెందుకు. మూడు గంటలు, మనిషికి 25 యూరోలు. నా రేటింగ్ ఐదుకి రెండున్నర, అందులో రెండు ఆ జెరోనిమోస్ మఠానికే.

గైడ్ కుర్రాడు మంచివాడు, అది ముందే చెప్పాలి. టైముకి వచ్చాడు, ఎండలో నిలబెట్టి ఉపన్యాసం దంచకుండా నీడ చూసి ఆపాడు. మఠం గోడల మీద రాతిలో చెక్కిన ఓడ తాళ్లు, తాళ్ల ముడులు చూపిస్తూ, మాన్యుయెల్ రాజు ఇదంతా ఆఫ్రికా, తూర్పు దేశాల వ్యాపారం మీద వేసిన 5 శాతం పన్నుతో కట్టించాడని, దాన్ని ‘మిరియాల ఇరవయ్యో వంతు’ అనేవారని చెప్పాడు. లోపల వాస్కో డ గామా సమాధి. 1497లో దాదాపు 170 మందితో బయలుదేరితే మూడో వంతు మంది తిరిగొచ్చారట. కాలికట్ నుంచి వెనక్కి వెళ్లేటప్పుడు గాలి అనుకూలించక సముద్రం మీదే దాదాపు మూడు నెలలు గడిచిపోయాయి, స్కర్వీ (సి విటమిన్ అందక వచ్చే జబ్బు)తో చిగుళ్లు వాచి పళ్ల మీదికి పెరిగిపోయి తిండి నమల్లేక పోయారు జనం. ఇదంతా ఎంత బాగా చెప్పాడంటే మా పిల్లాడు కూడా ఫోన్ జేబులో పెట్టేశాడు.

కానీ ఆ జాలి ఓడెక్కినవాళ్ల వరకే. అదే గామా 1502లో రెండోసారి వచ్చినప్పుడు, మక్కా యాత్ర నుంచి తిరిగొస్తున్న మీరీ అనే ఓడను పట్టుకుని, సొమ్మంతా దోచుకుని, ఆడవాళ్లతో సహా వందల మందిని ఓడలోనే పెట్టి తగలబెట్టించాడు. శత్రువులు పుట్టించిన కథేం కాదు, ఆ ప్రయాణంలో ఉన్న పోర్చుగీసువాడే రాసిపెట్టాడు. మా ఆవిడ దీని గురించి అడిగితే గైడ్ ఓ నవ్వు నవ్వి, ఆ రోజులే అలాంటివండీ అని తర్వాతి స్టాపు వైపు నడిచాడు.

తర్వాతి స్టాపు నది ఒడ్డున ఓడ ఆకారంలో ఉన్న పెద్ద స్మారకం. చూడ్డానికి పాతకాలపుదిలా ఉంటుంది గానీ కాదు. 1940లో ఎగ్జిబిషన్ కోసం తాత్కాలికంగా కట్టారు, 1960లో నియంత సలాజార్ హయాంలో, ఈ సముద్రయానాలకు దన్నుగా నిలిచిన పోర్చుగీసు యువరాజు హెన్రీ పోయి 500 ఏళ్లయిందని మళ్లీ పక్కాగా కట్టారు. మొత్తం 33 బొమ్మలు, ఒక్కతే ఆడమనిషి. ముందు చివరన చేతిలో చిన్న ఓడ పట్టుకుని హెన్రీ. గైడ్ ఆయన్ని ఆకాశానికెత్తేశాడు. 1444లో పోర్చుగల్‌లోని లాగోస్ ఊళ్లో 235 మంది ఆఫ్రికన్లను ఓడల్లోంచి దింపి వాటాలు వేస్తుంటే ఈ హెన్రీయే గుర్రం మీద కూర్చుని చూశాడు, తన ఐదో వంతు కింద 46 మంది వచ్చారు. అది రాసిన ఆస్థాన చరిత్రకారుడు జురారా ఆయన్ని పొగడ్డానికే రాశాడు, అయినా తల్లులు పిల్లల్ని పొట్టకు కరుచుకుని నేలమీద పడిపోయి దెబ్బలు కాచుకున్న సంగతి దాచలేకపోయాడు.

ఇక బెలెం బురుజు దగ్గర అసలు షో. అక్కడ ఓ చిన్న బురుజు కింద ఖడ్గమృగం తల చెక్కి ఉంది, బాగా అరిగిపోయింది, చెప్తే తప్ప పోల్చుకోలేం. 1515లో గుజరాత్ సుల్తాన్ దగ్గర్నుంచి వచ్చిన జంతువు. రాజు దాన్ని ఏనుగుతో పోటీకి దింపితే ఏనుగు పారిపోయిందట. తర్వాత పోప్‌కి కానుకగా పంపితే దారిలో ఓడ మునిగి చచ్చిపోయింది. పాపం! పావుగంట చెప్పాడు, అందరం నవ్వాం, నేనూ నవ్వాను.

హోటల్‌కి వచ్చాక గుర్తొచ్చింది, అదే 1515లో అదే మాన్యుయెల్ ఇంకో ఉత్తర్వు ఇచ్చాడు. లిస్బన్‌లో చనిపోయిన బానిసల శవాలను ఊరవతల పారేస్తే కుక్కలు తింటున్నాయని, ఓ లోతైన గుంత తవ్వించి అందులో పడేయమని, అప్పుడప్పుడు సున్నం చల్లమని. పోసో దోస్ నేగ్రోస్, అంటే నల్లవాళ్ల బావి, అనే వీధి ఇప్పటికీ ఉంది, పేరు ఆ గుంత నుంచే వచ్చిందంటారు. బానిసలుగా అట్లాంటిక్ దాటించడానికి ఓడలెక్కించిన మొత్తం 1.25 కోట్ల మంది ఆఫ్రికన్లలో సుమారు 58 లక్షల మందిని పోర్చుగీసు, బ్రెజిల్ ఓడలే మోశాయి. మూడు గంటల టూర్‌లో దీనికి దక్కింది ‘బానిస వ్యాపారం కూడా ఉండేది’ అన్న ముక్క, అదీ రోడ్డు దాటుతూ.

మర్నాడు పొద్దున్నే మేమే ఆ వీధికి వెళ్లాం. వాలుగా ఉన్న మామూలు వీధి, కింద కాఫీ షాపులు, పైన కిటికీల్లో ఆరేసిన బట్టలు. మా పిల్లాడు ఆ గుంత ఎక్కడని అడిగితే వీధి పేరున్న బోర్డు చూపించాను.

వెళ్లేవాళ్లకు: మఠం టికెట్ ఈ 25లో లేదు, విడిగా కొనాలి, క్యూ కూడా మీరే నిలబడాలి. బెలెంకి 15వ నంబర్ ట్రామ్ వెళ్తుంది. ఫీడ్‌బ్యాక్ ఫారంలో ఇదంతా వివరంగా రాసి పంపితే, థ్యాంక్స్ చెప్పి, తర్వాతి టూర్‌కి 10 శాతం తగ్గింపు కూపన్ పంపారు. ఎవరికైనా కావాలంటే చెప్పండి, ఇచ్చేస్తాను.